జెండా పట్టే ఆదివారాలు

9 ఫిబ్రవరి 1986, ఆదివారం

ఆరు నిమిషాల నలభై సెకన్లు. రెండో ఎక్కంతో మొదలుపెట్టి ఇరవయ్యో ఎక్కం దాకా వెళ్ళి, మళ్ళీ రెండో ఎక్కంలోకి వచ్చాక ఇంజిను లేని ఆ గ్లైడరు విమానం చక్రం నేలకు తగిలింది. మా ఆయన గాల్లో ఉన్నంతసేపూ ఎక్కాలు చదువుకుంటాను. ప్రార్థన చేసుకుందామని ఎన్నిసార్లు మొదలుపెట్టినా మాటలు సగంలో ఆగిపోతాయి. ఎక్కాలు ఆగవు. లెక్కల టీచరునైనందుకు ఆ ఒక్క సుఖం.

దిగి వచ్చి మొదటి మాట — "చూశావా సుగుణా?"

చూడలేదు. గ్లైడరు ముక్కు పైకెత్తగానే కళ్ళు మూసుకున్నాను. "చూశాను, బాగుంది" అన్నాను.

పైకి పంపేదీ నేనే. అదే నవ్వొస్తుంది. కిందటేడు అన్నం క్యారియర్ ఇద్దామని వచ్చినదాన్ని. "అమ్మా, ఆ తెల్లజెండా కాస్త పట్టుకోండి, మనిషి తక్కువయ్యాడు" అన్నారు గ్లైడింగ్ క్లబ్బు నడిపే రావుగారు. ఆ 'కాస్త' ఇంకా అయిపోలేదు. నేను జెండాని మోకాళ్ళ ముందు మెల్లగా ఊపితే, ఎనిమిది వందల గజాల అవతల విన్చ్ యంత్రం దగ్గర కూర్చున్న మస్తాన్ గ్లైడరుకి తగిలించిన కేబులు బిగిస్తాడు. తలమీదికెత్తి ఊపితే లాగుతాడు. కదలకుండా పైకి పట్టుకుంటే ఆపుతాడు. లాగాడంటే ఇంక మా ఆయన నేలమీది మనిషి కాదు.

ఈ చెయ్యే. సుద్దముక్క పట్టుకునే చెయ్యి.

11 ఫిబ్రవరి, మంగళవారం

స్టాఫ్ రూములో సైన్సు మేడం — "ఊరికే పైకెళ్ళి ఊరికే కిందికి రావడానికా అంత తిప్పలు?" అందరూ నవ్వారు. నేను రోజూ నాకు నేను వేసుకునే ప్రశ్నే. ఇంకొకరి నోట వింటే మాత్రం ఒళ్ళు మండింది.

16 ఫిబ్రవరి, ఆదివారం

మిరపకాయలు వచ్చేశాయి. డ్యాం కట్టే రోజుల్లో విమానాలు దిగడానికి వేసిన తారుబాట ఇది. ఇప్పుడు ఏడాదికి పది నెలలు మాది, రెండు నెలలు మిరపకాయలది. చుట్టుపక్కల రైతులకి ఇంతకంటే మంచి కళ్ళం ఎక్కడ దొరుకుతుంది? బాటకి రెండు పక్కలా పరిచేశారు, మధ్యలో కేబులుకీ గ్లైడరుకీ సందు వదిలారు. ఆ సందు కూడా మస్తాన్ పుణ్యమే. రావుగారు ఇంగ్లీషులో కేకలేస్తుంటే మస్తాన్ వెళ్ళి బీడీ ఇచ్చి, పెద్దమనిషిని "మామా" అని పిలిచి, నిమిషంలో తేల్చుకొచ్చాడు.

మస్తాన్‌ది మాచర్లలో సాగర్ రోడ్డు మీద లారీ ఇంజిన్ల షెడ్డు. విన్చ్ ఆయన సొంత తయారీ — పాత లారీ ఇంజినుకి ఇనుప డ్రమ్ము బిగించాడు. దాన్ని ఇంకెవరూ ముట్టుకోలేరు. ముట్టుకుంటే ఒప్పుకోడు కూడా.

జెండా తెల్లగా ఎందుకుండాలో కూడా ఈ మిరపకాయలే తేల్చాయి. మొదట్లో ఎర్రజెండా ఉండేదట. ఇంత ఎరుపులో అవతలికి కనపడలేదు. మార్చారు.

కాయలు ఎగదోసే ఆడవాళ్ళలో కోటమ్మ అని ఒకామె, వెల్దుర్తి నుంచి వచ్చింది. నన్ను చూసి జాలిపడింది. "ఏందమ్మా, మొగుణ్ణి నువ్వే ఎగరేస్తన్నావా? గాలిపటమా ఏంది?"

ఆయనకి మాత్రం పండగ. ఎర్రటి కాయల మీద ఎండపడి వేడి పైకి లేస్తుందట. ఆ వేడిలో గద్దలు రెక్క కదపకుండా తిరుగుతాయి. గద్ద తిరిగేచోటికి తనూ వెళ్తే ఇంజిను లేకుండానే పైకి, ఇంకా పైకి… పదకొండు నిమిషాలు ఇవాళ. ఘాటుకి దగ్గుతూ ఎక్కాలు చదివాను.

18 ఫిబ్రవరి, మంగళవారం

అన్నం తింటూ ఆగి కిటికీలోంచి పైకి చూశారు. గద్ద. ముద్ద చేతిలోనే ఎండిపోయింది.

23 ఫిబ్రవరి, ఆదివారం

ఇరవై రెండు నిమిషాలు.

పన్నెండో నిమిషంలో కనపడలేదు. ఎండకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని వెతికాను. గద్దలున్నాయి, ఆయన లేరు. పదిహేడెనిమిదులు ఎంతో గుర్తు రాలేదు. ఏడో తరగతి పిల్లల్ని ఆ ఎక్కం రాదని నిలబెడతాను నేను! రావుగారు పడక్కుర్చీలోంచి లేవకుండా "వస్తాడమ్మా, దానికి ఇంకో దారి లేదు" అన్నారు. నరసరావుపేట నుంచి ప్రతి ఆదివారం మొదటి బస్సుకి వస్తారాయన. విమానదళంలో జీవితం గడిపిన మనిషి. భయం అంటే ఏమిటో చిన్నప్పుడెప్పుడో చదివి మర్చిపోయినట్టుంటారు.

పన్నెండుమంది ఉండేవాళ్ళట క్లబ్బులో. ఇప్పుడు ఎగిరేది ముగ్గురు. రావుగారు, ఈయన, బ్యాంకు శ్రీనివాస్. మిగిలినవాళ్ళు ఎందుకు మానేశారని అడిగితే రావుగారి దగ్గర పెద్ద జాబితా ఉంది. ట్రాన్స్‌ఫర్లు, వీడియోలు, పెట్రోలు, కుర్రకారుకి ఓపిక లేకపోవడం. నాకు మాత్రం తెలుసు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క ఆడది చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. నేనే లాగలేదు. లాగకపోగా జెండా పట్టుకున్నాను.

డిసెంబరులో ఒక్కసారి నన్నూ ఎక్కించారు, వెనక రావుగారు. కేబులు వదిలాక చప్పుడు ఆగిపోయింది. భయంతో సీటు అంచు పట్టుకున్నాను. ఆ నిశ్శబ్దంలో, అంత పైకి, కింద పొలంలో ఎవరో ఎద్దుని అదిలించడం వినపడింది. కృష్ణ దాకా కనపడింది. ఆ ఒక్క నిమిషం మా ఆయన ఎందుకు ఎక్కుతారో అర్థమైంది. దిగాక మళ్ళీ అర్థం కాలేదు.

"ఇంజిను ఉంటే ఆగిపోతుందని భయపడాలి సుగుణా. దీంట్లో ఆగిపోవడానికేముంది?" — ఇంటికొస్తూ స్కూటరు మీద. ఆ మాటకి ధైర్యం రావాలట నాకు.

3 మార్చి, సోమవారం

ఆసుపత్రి వరండా. లోపల నిద్రపోతున్నారు. బతికే ఉన్నారు. ముందు అది రాయాలి. బతికే ఉన్నారు.

కుడి భుజం జారింది. సర్ది కట్టు కట్టారు. మూడు వారాలు చెయ్యి మెడకి వేలాడాలి. మొహం మీద గీతలు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, అది కారం.

నిన్న జరిగింది రాస్తాను. మొదటి ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల. అది లేటై పదకొండున్నరకి కానీ ఫీల్డుకి వెళ్ళలేకపోయాం. ఆయన లోపల కూర్చుని బెల్టులు కట్టుకుంటున్నారు. అద్దాల మూత ఇంకా తెరిచే ఉంది. ఒక రెక్క నేలమీదే ఉంది. శ్రీనివాస్ కేబులు కొక్కేనికి తగిలించి, దారికి అడ్డంగా ఉన్న కాయల బుట్టలు తీయించడానికి వెళ్ళాడు. అతను వచ్చి రెక్క లేపి సమంగా పట్టుకోవాలి. అప్పుడు నేను జెండా ఎత్తాలి.

జెండా నా చంకలోనే ఉంది. ఇంతలో కేబులు కదిలింది. బిగిసింది. లాగేసింది.

రెక్క నేలని రాసుకుంటూ గ్లైడరు గిర్రున తిరిగింది. ఆయన కొక్కెం వదిలేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే — లేదు, అది రాయను. బాట దాటి మిరపకాయల్లోకి పక్కకి ఒరిగి ఆగింది. ఎర్రటి దుమ్ము లేచింది. పరుగెత్తాం, దగ్గుతూ, ఏడుస్తూ. ఏది ఏడుపో ఏది కారమో ఎవరికీ తెలియదు. ఆయన కళ్ళు మూసుకుని "సుగుణా, నువ్వు పక్కకి జరిగావా?" అని అడిగారు. నాకేమైనా తగిలిందేమోనని.

మస్తాన్ అంత దూరం పరుగెత్తుకొచ్చాడు. చెప్పుల్లేవు. "జెండా ఊగింది సారూ, నేను చూశా, తెల్లది ఊగింది…"

రావుగారు నా వైపు తిరిగారు. "జెండా ఎత్తారా అమ్మా?"

"లేదండీ."

నిజమే. ఎత్తలేదు. జెండా చంకలోనే ఉంది, అందరూ చూశారు.

ఇంకొకటుంది. ఇప్పుడు రాయలేను.

5 మార్చి, బుధవారం

రాస్తాను. ఈ కాగితం ఎవరితో చెబుతుంది?

బల్ల తీసుకునే ఆదివారం కాబట్టి తెల్లచీర కట్టుకున్నాను, మా చర్చిలో ఆడవాళ్ళందరిలాగే. మామూలుగా ఇంటికెళ్ళి మార్చుకుని ఫీల్డుకి వెళ్తాను. ఆలస్యమైందని ఆ రోజు మార్చుకోలేదు. కోటమ్మ వాళ్ళు కాయలు ఎగదోస్తుంటే గాలికి కారం వచ్చి నామీద పడింది. "దులుపుకో అమ్మా, ఒళ్ళంతా మంట పుడద్ది" అంది కోటమ్మ. చెంగు తీసుకుని ముందు కింద దులిపాను. పోలేదు. తలమీదికెత్తి విదిలించాను.

కింద. తరవాత పైన. మస్తాన్‌కి ఏ వరుసలో కావాలో సరిగ్గా ఆ వరుసలోనే.

అతని కళ్ళకి ఏమీ కాలేదు. తెల్లది ఊగింది, చూశాడు, లాగాడు.

దులిపేటప్పుడు నాకు తెలుసా? తెలియదు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తెలియదు. ఏడాది నుంచి ప్రతి ఆదివారం 'ఈ ఒక్కసారి ఏదో అయి ఆగిపోతే బాగుండు' అనుకున్నదాన్ని నేనే. మిగిలిన ఆ ఒక్క పాలు మాత్రం ఏ లెక్కకీ తేలడం లేదు.

9 మార్చి, ఆదివారం

క్యారియర్ అక్కడే వదిలేశాం, తెచ్చుకోవడానికి ఫీల్డుకి వెళ్ళాను. గ్లైడరు రేకుల షెడ్డులో ఉంది, చిరిగిన రెక్క పక్కకి తీసిపెట్టారు. కోటమ్మ కనపడింది. ఏం అంటుందోనని క్యారియర్ మూతలు బిగిస్తూ నిలబడ్డాను.

"సారుకెట్టా ఉందమ్మా? ఆ సాయిబు బాగానే లాగేవోడు, ఏం పోయేకాలమో!" అంది. అంతే. చీర దులపడం ఆమెకి గుర్తే లేదు. దులుపుకోమన్నది తనే. రోజుకి వందసార్లు అందరికీ చెప్పే మాట అది, ఎందుకు గుర్తుంటుంది?

అంటే తెలిసింది నాకు ఒక్కదానికే. ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకున్నందుకు దారంతా భయపడ్డాను.

12 మార్చి, బుధవారం

మస్తాన్ వచ్చాడు. జామకాయలు తెచ్చాడు, ఒక సంచి. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"నరసరావుపేట పోయి కళ్ళు చూపించుకున్నా సారూ. డాక్టరు అంతా బానే ఉందన్నాడు. దూరానికి కొంచెం అద్దాలు ఇచ్చాడు. బాగుంటే మరి నాకెందుకట్టా కనపడింది? నా కళ్ళు నన్ను మోసం చేసినయ్. ఇంక ఆ విన్చ్ జోలికి రాను. మనిషి పేనం గదా."

ఆయన ఎడంచెయ్యి అతని భుజం మీద వేసి, "నీ తప్పేం లేదు మస్తాన్, ఎవరికైనా జరుగుతుంది" అన్నారు. క్షమించడంలో మా ఆయన తరవాతే ఎవరైనా. తప్పు లేనివాణ్ణి క్షమిస్తుంటే చూడటం ఎలా ఉంటుందో నాకు తెలిసింది.

టీ ఇచ్చాను. చక్కెర వెయ్యడం మర్చిపోయాను. "భయపడమాకు టీచరమ్మా, సారు బాగైపోతారు" అన్నాడు మస్తాన్. నన్ను ఓదార్చాడు.

16 మార్చి, ఆదివారం

ఫీల్డు లేదు. చర్చి నుంచి తిన్నగా ఇంటికి. కోడికూర వండాను. ఇద్దరం నేలమీద కూర్చుని, నేను కలిపి పెడితే తిన్నారు. మధ్యాహ్నం పక్కింటి రేడియో వింటూ పడుకున్నాం. ఏడాది తరవాత మొదటి ఆదివారం, ఫీల్డూ ఎక్కాలూ లేకుండా.

ఇంత హాయి ఎప్పుడూ లేదు. ఇంత సిగ్గూ లేదు.

సాయంత్రం చూస్తే పెరట్లో నిలబడి ఉన్నారు, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని. పైన గద్ద తిరుగుతోంది. మెడ అలా ఎత్తి ఎంతసేపున్నారో. పిలవలేదు నేను.

20 మార్చి, గురువారం

హైదరాబాదు విమానాల ఆఫీసు నుంచి ఉత్తరం. గ్లైడరు వాళ్ళది, మనకి వాడుకోవడానికిచ్చింది. ఏప్రిల్ ఆరో తేదీ ఆదివారం ఆఫీసరొకాయన వస్తాడట. క్లబ్బు నడుస్తోందా, ఎగిరేవాళ్ళున్నారా, విన్చ్ నడిపేవాడున్నాడా, కళ్ళారా చూస్తాడు. లేకపోతే గ్లైడరుని లారీ ఎక్కించి ఇంకో ఊరికి.

శ్రీనివాస్ మానేశాడు. వాళ్ళావిడ పిల్లల మీద ఒట్టు వేయించుకుందట. రావుగారు ఆ కబురు చెప్పి, కాసేపు బూటు లేసు విప్పి కట్టుకున్నారు. "ఇది పోతే ఇంక ఈ చుట్టుపక్కల ఇంజిను లేకుండా ఎవరూ ఎగరరు. ఎగిరేవాళ్ళని చూసినవాళ్ళు కూడా మిగలరు" అన్నారు. ముసలాయన గొంతు మొదటిసారి ముసలిగా వినపడింది.

విన్చ్‌కి మనిషిని వెతుకుతున్నారు. ట్రాక్టరు డ్రైవరొకతను వచ్చి, లివరు ఒకసారి లాగి, కేబులు ఈలవేస్తూ రావడం చూసి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మస్తాన్ రాడు. నేను నోరు విప్పితే వస్తాడు. విప్పకపోతే ఆరో తేదీతో నా భయానికి సెలవు. నేనేం చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

25 మార్చి, మంగళవారం

కట్టు విప్పారు. రెక్క బాగుచేస్తున్నారు రావుగారూ ఈయనా కలిసి. చిరిగిన చోట కొత్త గుడ్డ వెయ్యాలి. కుట్టింది ఎవరు? నేనే, నా కుట్టుమిషను మీద. "కుట్టు దగ్గరగా రావాలమ్మా, గాలి సందు దొరికితే ఊరుకోదు" అని పక్కన నిలబడి చెప్పారు రావుగారు.

రెండుసార్లు విప్పి కుట్టాను. ఎగరకూడదని కోరుకుంటూనే, ఎగిరితే చిరగకూడదని.

30 మార్చి, ఈస్టరు

తెల్లచీర బీరువాలోంచి తీశాను. మడతలో ఇంకా కారం వాసన. మూడుసార్లు ఉతికాను దాన్ని. లోపల పెట్టేసి గోధుమరంగుది కట్టుకున్నాను.

వచ్చే ఆదివారం బల్ల అని పాస్టరుగారు ప్రకటించారు. ఎవరిని వారు పరీక్షించుకుని రావాలి — ప్రతి నెలా చెప్పేదే. ప్రతి నెలా నేను తల ఊపేదే. ఇవాళ తల కదల్లేదు.

1 ఏప్రిల్, మంగళవారం

స్కూలు నుంచి సాగర్ రోడ్డు మీదుగా వచ్చాను. దారి కాదది. కావాలనే వచ్చాను.

మస్తాన్ షెడ్డులో కూర్చుని ఉన్నాడు, కొత్త కళ్ళజోడు. బోల్టు బిగించాడు. బిగించి వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. ఒక లారీ ఓనరు బయట నిలబడి నవ్వుతూ — "ఏం మేస్త్రీ, కనపడతందా, లేకపోతే నేను బిగించుకోనా?" మస్తాన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను చూడకుండా ఉండాల్సింది.

ఆయన ప్రాణానికి నేను ఇస్తున్న ఖరీదు ఇది. నాది కాదు, ఇంకొకరి కళ్ళు.

4 ఏప్రిల్, శుక్రవారం

చెప్పేశాను.

మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. మసీదు నుంచి అప్పుడే వచ్చి టోపీ మేకుకి తగిలిస్తున్నాడు. "ఏంది టీచరమ్మా, స్కూటరేమన్నా మొరాయించిందా?"

దారిలో ఎన్నో మాటలు అనుకున్నాను. అవేవీ రాలేదు. "ఆ రోజు మీరు చూసింది నిజమే అన్నా. తెల్లది ఊగింది. జెండా కాదు, నా చీర చెంగు. కారం దులుపుకున్నాను."

కళ్ళజోడు తీశాడు. 

"కింద ఊగింది. తర్వాత పైన ఊగింది" అన్నాడు.

"అవును."

"రెండూ చూశా నేను."

"అవునన్నా."

"మా ఇంటిదానికి చెప్పా, నవ్వింది. మా తమ్ముడికి చెప్పా, వాడూ నవ్వాడు. చివరాఖరికి నేనే నమ్మటం మానేశా గదమ్మా! నెల రోజులు… బోల్టు బిగిస్తే బిగిసిందో లేదో తెలవక తడుముకున్నా. నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. తల వంచుకుని కళ్ళజోడు కాడలు మడిచాడు, విప్పాడు.

"ఎందుకు చెప్పలా?"

"భయమన్నా. మీరు రాకపోతే ఆయన ఎగరరని."

"నాకు లేదా భయం? ఆ లివరు గుంజే ప్రతిసారీ అరచెయ్యి తడిసిపోద్ది. అవతల కూచున్నది మనిషి గదా. నా ధైర్యమల్లా ఒకటే. జెండా పట్టుకుంది ఆయన పెళ్ళాం, అన్నీ చూసుకోకుండా ఊపదులే అని." కళ్ళజోడు జేబులో పెట్టుకుని, "నిన్ను నమ్ముకుని లాగేవోణ్ణి టీచరమ్మా, నా కళ్ళని కాదు" అన్నాడు.

 టైరు మీద కూర్చున్నాను. మంచినీళ్ళు ఇచ్చాడు.

వచ్చేటప్పుడు — "ఆదివారం వస్తా. జెండా నువ్వే పట్టాలి. ఇంకెవురు పట్టినా లివరు ముట్టను. తెల్లదే ఉండనీ, మార్చమాక. నేను చూసింది తెల్లదే. సారుకి మాత్రం నేను చెప్పను, నువ్వే చెప్పుకో."

5 ఏప్రిల్, శనివారం

ఒంటిపూట బడి. ఇంటికొచ్చేసరికి వరండాలో కూర్చుని అద్దాల మూత తుడుస్తున్నారు, పిండి వేసి, మెత్తటి గుడ్డతో. చెప్పాను. నిలబడే చెప్పాను, చెప్పుల్తోనే.

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"కావాలనే చేశావా?"

"లేదు."

"లేదు కదా?"

రెండోసారి అడిగారు. మొదటిసారి తడుముకోకుండా అన్నాను. రెండోసారి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణం ఆయన చూశారు. తరవాత, "మస్తాన్ వస్తున్నాడా?" అన్నారు, మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నెల రోజులు నేను చచ్చి బతికితే ఆయనకి కావలసింది విన్చ్ నడిపే మనిషి! లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాను.

గంట తరవాత తలుపు అవతల కూర్చున్నారు, గోడకి ఆనుకుని, అచ్చం మస్తాన్ ఆ రోజు కూర్చున్నట్టు.

"ఇంత భయమని ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే మానేసేవాళ్ళా?"

 ఆయన అబద్ధం చెప్పరు, అది తెలిసే అడిగాను. తలుపుకి దగ్గరగా జరిగి —

"రేపు నేను లోపల కూర్చుని నీ వంకే చూస్తుంటాను. నువ్వు ఊపకపోతే బెల్టు విప్పుకుని దిగి వచ్చేస్తాను. ఆఫీసరున్నా సరే, ఎవరున్నా సరే. ఆ తరవాత ఇంకెప్పుడూ ఎక్కను. ఎందుకని అడగను కూడా."

"భుజం?"

"గ్లైడరు నడిపే కర్ర పట్టుకునేంత బాగానే ఉంది."

తలుపు తీశాను.  వరండాలో అద్దాల మూత ఎండకి మెరుస్తోంది, దాంట్లో గద్ద నీడ ఒకటి అలా వెళ్ళింది. ఆయన చూడలేదు, నా వంకే చూస్తున్నారు. నన్ను వదిలిపెట్టి ఆకాశం వంక చూస్తారనే కదా ఇన్నాళ్ళూ నా ఏడుపు. ఇప్పుడు నన్ను చూస్తుంటే భరించలేకపోయాను.

6 ఏప్రిల్, ఆదివారం, పొద్దున

జెండా ఉతికి ఇస్త్రీ చేశాను. గాలి ఉంది. మబ్బు లేదు. ఎగరడానికి ఇంతకంటే మంచి రోజు ఉండదని ఆయన అనలేదు కానీ రెండుసార్లు పెరట్లోకి వెళ్ళొచ్చారు.

శ్రీనివాస్ లేడు కాబట్టి రెక్క కోటమ్మ పడుతుందట. రావుగారు నిన్న నేర్పించారు. "బరువేం లేదు, గేదె దూడని పట్టుకున్నట్టుంది" అందట. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

బల్లకి ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. మొదటి ఆదివారం అందరూ తెల్లటివి కట్టుకుని వరసగా కూర్చుంటే, మధ్యలో నేనొక్కదాన్నే ఆకుపచ్చగా. పాస్టరమ్మగారు అడుగుతారు. చెబుతాను. ఫీల్డులో తెల్లది ఒక్కటే ఉండాలి, అది నా చేతిలో ఉండాలి.

జెండా సంచిలో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.

ఊపకపోతే — ఆయన నాకు మిగులుతారు. పెరట్లో నిలబడి మెడ ఎత్తి చూసే మనిషి మిగులుతారు. గ్లైడరు లారీ ఎక్కుతుంది, రావుగారు మొదటి బస్సుకి రావడం మానేస్తారు, మస్తాన్ అరచెయ్యి ఇంక తడవదు. నా చెయ్యి ఒక్కటి కదలకుండా ఉంటే చాలు. ఊపితే —

పన్నెండింటికి రావుగారు తల ఊపుతారు. అప్పుడు అందరూ నన్నే చూస్తారు. ఆఫీసరు, రెక్క పట్టుకుని కోటమ్మ, అద్దాల మూత కింద ఆయన. ఎనిమిది వందల గజాల అవతల మస్తాన్, కళ్ళజోడు లేకుండా.

బయట స్కూటరు స్టార్టు చేశారు. హారను కొట్టలేదు. రోజూ కొడతారు.

ఎక్కాలు ఇప్పుడే మొదలుపెట్టాను, ఇంట్లోనే, చెప్పులు కూడా తొడుక్కోకుండా. రెండొకట్ల రెండు. రెండు రెళ్ళు నాలుగు. రెండు మూళ్ళు…